ఈల వేసే పెదవి... ఈల రాని నేను!

హాల్లో లైట్లు ఆరిపోయాయి. తెర మీద పేర్లు పడుతున్నాయి. హీరోగారి పేరు ఇంకా సగం కూడా పడలేదు... ఈలలు! చెవులు గింగుర్లెత్తే ఈలలు! ముందు బెంచీల్లోంచి ఈలలు, బాల్కనీలోంచి ఈలలు, నా పక్క సీట్లో మా చిన్నాన్న కొడుకు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని మరీ ఈల! నేనొక్కణ్ణే బుద్ధిమంతుడిలా చప్పట్లు కొడుతూ కూర్చున్నాను.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మాది తెనాలి. కృష్ణగారి బుర్రిపాలెం, జగ్గయ్యగారి మోరంపూడి మాకు కూతవేటు దూరం. అలాంటి ఊళ్ళో పుట్టి, సినిమా హాల్లో ఈల వెయ్యడం చేతకాని మగపిల్లాడంటే ఎంత నామోషీయో మీకు వేరే చెప్పక్కర్లేదు. ప్రయత్నం చెయ్యక కాదు. పెదవులు సున్నాలా చుట్టి ఊదితే, గాలంతా పై పెదవిలో ఉన్న చిన్న సందులోంచి 'ఫుస్సు'మని పోయేది. అంతే!

నా పై పెదవి పుట్టుకతోనే ఎడం పక్క ముక్కు దాకా చీలి ఉంది. మన వైపు దీన్ని 'గ్రహణం మొర్రి' అంటారు. సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి పెదవో, అంగిలో, రెండూనో ఇలా చీలి పుడతాయి. నాకు అంగిలి బాగానే ఉంది. అందుకని మాట ముక్కులోంచి రాలేదు. ఏడాది నిండకముందే పెద్దాసుపత్రిలో పెదవి కుట్టేశారు. కుట్టు బాగానే పడింది. చీలిక మూసుకుంది. మా నాన్నగారు ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించారు. కథ సుఖాంతం!

కాదు సుమా! ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మీలో కొందరు 'స్మైల్ పింకీ' అనే డాక్యుమెంటరీ చూసి ఉంటారు. మేగన్ మైలన్ అనే అమెరికన్ దర్శకురాలు తీసింది. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లాలో ఒక పల్లెటూరి చిన్నారి, పింకీ సోన్‌కర్. గ్రహణం మొర్రి అని బడికి కూడా రానివ్వని పిల్ల. వారణాసిలో డాక్టర్ సుబోధ్ కుమార్ సింగ్ ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ చేస్తే ఆ పిల్ల అద్దంలో తనని తాను చూసుకుంటుంది... 2009 ఫిబ్రవరిలో 'స్లమ్‌డాగ్ మిలియనేర్'కి రెహమాన్ రెండు ఆస్కార్లు అందుకున్న రాత్రే ఈ చిన్న సినిమాకీ ఆస్కార్ వచ్చింది. రెహమాన్ హడావుడిలో మనవాళ్ళు దీన్ని అంతగా పట్టించుకోలేదు గానీ, ఆ పింకీయే 2013లో వింబుల్డన్ మగవాళ్ళ ఫైనల్‌కి టాస్ వేసింది!

ఆ సినిమాని నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఏడ్చాను. కానీ మూడోసారి చూసినప్పుడు ఒకటి తట్టింది. ఆ సినిమాకి 'శుభం' కార్డు ఎక్కడ పడిందో, మాలాంటి వాళ్ళకి సరిగ్గా అక్కడే 'విశ్రాంతి' కార్డు పడుతుంది. కుట్టిన పెదవితో పిల్లాడు పెరుగుతాడు. మొహం పెరుగుతుంది. మచ్చ మాత్రం మొహంతో సమానంగా సాగదు. బిగుసుకుంటుంది, పైకి లాగుతుంది. పదహారేళ్ళు వచ్చేసరికి పెదవి ఒక పక్క నిండుగా, ఒక పక్క ఎండిన తొనలా తయారవుతుంది. ఈ సెకండాఫ్ ఎవరూ సినిమాగా తియ్యరు.

నేను కాలేజీలో మీసం పెంచాను. మీసం ఎవరికైనా మగతనం కోసం, నాకు మరుగు కోసం! తీరా చూస్తే, మచ్చ మీద వెంట్రుక మొలవదు. ఎడం పక్క మీసంలో పాపిడి తీసినట్టు ఒక సన్నగీత. దాచుకుందామనుకున్న చోటికే బాణం గుర్తు వేసి చూపించినట్టయింది. హాలీవుడ్ నటుడు స్టేసీ కీచ్ కూడా పెదవి చీలికతోనే పుట్టాడు. చిన్నప్పుడు ఆపరేషన్లు అయ్యాయి. ఆయన మైక్ హామర్‌గా నటించినప్పటి మీసం చూసినప్పుడల్లా 'అన్నా, నీకు నిండుగా మొలిచిందే!' అని అసూయ పడేవాణ్ణి. ఆయన పేరు తెచ్చిన 1972 నాటి చిత్రం పేరేమిటో తెలుసా? 'ఫ్యాట్ సిటీ'. ఫ్యాట్ అంటే కొవ్వు. ఆ కొవ్వుతోనే నా కథ మలుపు తిరుగుతుందని అప్పుడు నాకేం తెలుసు!

డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి సినిమా విలేకరినయ్యాను. ఏ పత్రికకీ సొంతం కాని విలేకరిని. ఎవరు రాయమంటే వాళ్ళకి రాస్తాను. ఈ వృత్తిలో సుఖం ఏమిటంటే మన మొహం ఎవరికీ కనబడదు. హీరోయిన్ ఫొటో అర పేజీ, మన పేరు చివర్లో చీమ తలకాయంత. నాకంతకన్నా కావలసిందేముంది?

అయితే కాలం మారింది. ఇప్పుడు ఇంటర్వ్యూ అంటే కాగితం, కలం కాదు. రెండు కుర్చీలు, రెండు మైకులు, మూడు కెమెరాలు. 2023లో ఒక ఛానెల్ వాళ్ళు కబురు చేశారు. వారానికో ఇంటర్వ్యూ, నెల తిరిగేసరికి జీతం. నా పదేళ్ళ సర్వీసులో జీతం అన్నమాట వినడం అదే మొదలు! నేను వద్దన్నాను. 'గొంతు సరిగ్గా ఉండదండీ' అని చెప్పాను. అబద్ధం. నా గొంతు బ్రహ్మాండంగా ఉంటుంది.

ఆ అబద్ధం నన్ను చాలా రోజులు తిన్నది. డబ్బు పోయినందుకు కాదు. ముప్ఫయ్యేళ్ళు దాటిన మగవాణ్ణి, ఊళ్ళో వాళ్ళ క్లోజప్పుల గురించి పేజీలకు పేజీలు రాసేవాణ్ణి, నా క్లోజప్‌కి భయపడి పారిపోయానే అని.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒక షూటింగ్ స్పాట్‌లో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. నలభై ఏళ్ళుగా మేకప్‌మన్. ఆయన మీద వ్యాసం రాయడానికి వెళ్ళాను. మాటల మధ్యలో, నేను అడక్కుండానే, నా గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పారు.

"బాబూ, ఏమీ అనుకోకు. మచ్చ రంగుని మేము దాచగలం. పల్లాన్ని దాచలేం. పల్లం మీద ఎంత పూసినా పైనుంచి లైటు పడగానే నీడ కూర్చుంటుంది. నీకున్నది మచ్చ బాధ కాదు, పల్లం బాధ" అన్నారు.

ముప్ఫయ్యేళ్ళలో నా పెదవి గురించి ఇంత సూటిగా మాట్లాడినవాళ్ళు లేరు. చుట్టాలు జాలిపడ్డారు, పెళ్ళిచూపులకి వెళ్ళినచోట కళ్ళు దించుకున్నారు, స్నేహితులు అసలు లేనట్టే నటించారు. ఈయన మాత్రం ఒక పనివాడు ఇంకొకరి పనిని చూసినట్టు చూశారు. ఆయనే అన్నారు, "ఈ మధ్య పల్లాలు నింపే డాక్టర్లు వచ్చారు కదయ్యా, కనుక్కో" అని.

కనుక్కున్నాను. ముందు ఒక బ్యూటీ క్లినిక్‌కి వెళ్ళాను. గోడల నిండా నిండు పెదవుల ఫొటోలు. అక్కడి అమ్మాయి నన్ను చూడకుండానే రేటు చెప్పింది. లేచి వచ్చేశాను. మీకూ చెబుతున్నాను, చిన్నప్పుడు కుట్టిన పెదవి ఉన్నవాళ్ళు ఇలాంటి చోట్లకి పోవద్దు. మొర్రి ఆపరేషన్లు చేసి చేసి చెయ్యి తిరిగిన ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికో, దవడ సర్జన్ దగ్గరికో వెళ్ళాలి. నాకు దొరికినావిడ అలాంటి డాక్టరమ్మ. ఆవిడ మొదట నన్ను 'ప... బ... మ...' అనమన్నారు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే డబ్బింగ్ రచయితలు వెతుక్కునేవి సరిగ్గా ఈ అక్షరాలే! తెర మీద పెదవులు మూసుకున్నచోట పఫబభమల్లో ఏదో ఒకటి పడకపోతే మాట అతకదు. ఆ పెదవులు మూసుకోవడం నాకు ఎంత కష్టమో డబ్బింగ్ థియేటర్లో ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఈల వెయ్యమన్నారు. ముద్దు పెట్టినట్టు ముడవమన్నారు. వేలితో లోపలా బయటా నొక్కి చూశారు.

"మీకు మిల్లార్డ్ పద్ధతిలో కుట్టారు, మంచి కుట్టే. కండరం కూడా కలిసే ఉంది. కండరం విడిపోయి ఉంటే మళ్ళీ కోసి కుట్టాల్సిందే, కొవ్వుతో పని కాదు. మీకు తక్కువైంది పెదవిలో సరుకు మాత్రమే. పెదవులు కలిసినా ఇక్కడ సందు మిగులుతోంది. దీన్ని మేము విజిల్ డిఫార్మిటీ అంటాం" అన్నారు.

విజిల్! మనిషి ఎప్పుడూ ఈల వేస్తున్నట్టు కనబడతాడని ఆ పేరట. ముప్ఫయి నాలుగేళ్ళుగా నా మొహం మీద ఈల ఉంది. ఆ ఈల వెయ్యడం నాకు రాదు! ఆవిడ ముందే పగలబడి నవ్వాను.

అన్నట్టు, ఈ మిల్లార్డ్ ఎవరనుకున్నారు? కొరియాలో పనిచేసిన అమెరికన్ సర్జన్. చీలిన పెదవిలో ఏ భాగమూ పోలేదు, పక్కకి జరిగింది, అంతే... దాన్ని తిప్పి దాని చోటికి తెస్తే చాలు అన్నాడు. 1955లో స్టాక్‌హోమ్ సభలో చెప్పాడు. ఈనాటికీ ఎందరో సర్జన్లు ఆ దారినే పోతున్నారు. అంతకు చాలా ముందు, 4వ శతాబ్దం చివర, చైనాలో వెయ్ యోంగ్‌జీ అనే పేదింటి కుర్రాడు చీలిన పెదవితో ఒక గవర్నరుగారి వైద్యుడి దగ్గరికి నడిచి వెళ్ళాడట. కుడతాను గానీ వంద రోజులు గంజి తాగి బతకాలి, మాట్లాడకూడదు, నవ్వకూడదు అన్నాడట వైద్యుడు. సగం జీవితం మాట్లాడకపోయినా సరే, వంద రోజులెంత అన్నాడట కుర్రాడు. తర్వాత అతనే అదే రాష్ట్రానికి గవర్నరయ్యాడు. చైనా రాజ్యచరిత్రల్లో రాసి ఉన్న సంగతి ఇది. మనవాళ్ళెవరైనా సినిమాగా తీస్తే బాగుండును! మన సినిమాల్లో ఇప్పటిదాకా పెదవి మీద మచ్చ ఉన్నవాడు విలన్ పక్కన రౌడీ, ముక్కుతో మాట్లాడేవాడు కామెడీ. మూడో వేషం లేదు.

డాక్టరమ్మ నా పుట్టినరోజు అడిగారు. 1990 ఆగస్టు మొదటి వారం అన్నాను. ఊరికే, మాటవరసకి, గ్రహణం సంగతి చెప్పాను.

అది మా ఇంట్లో పెద్ద కథ. 1990 ఫిబ్రవరి 9, మాఘ పౌర్ణమి రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణం. పదకొండు గంటల ప్రాంతంలో పట్టి రెండు దాటాక విడిచింది. అమ్మకి మూడో నెల దాటింది. అన్నం సయించక సాయంత్రం నుంచీ పస్తు. అర్ధరాత్రి ఆకలికి ఆగలేక వంటింట్లో కత్తిపీట వాల్చి ఒక జామకాయ కోసుకుంది. చప్పుడుకి నాయనమ్మ లేచింది. ఆగస్టులో నేను పుట్టాక నాయనమ్మ నా మొహం చూసి, మంచం మీద ఉన్న అమ్మ మొహం చూసి, ఒక్కటే మాట అంది. "జామకాయ."

నాయనమ్మ పోయేదాకా ఆ మాట అంటూనే ఉంది. అమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. అమ్మ జామకాయ ముట్టడం నేను ఎరగను. నేను బడి దగ్గర ఉప్పూ కారం అద్దిన జామకాయ కొనుక్కుని ఇంటికి తెస్తే, అమ్మ లేచి అవతలికి వెళ్ళిపోయేది.

డాక్టరమ్మ కేలండర్ తీసి వేళ్ళ మీద లెక్కపెట్టారు. బిడ్డ కడుపులో పడ్డ నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల పై పెదవి కలుస్తుంది. రెండు పక్కల నుంచీ ముక్కు కింద ముక్కలు వచ్చి అతుక్కుంటాయి. అతుక్కోకపోతే చీలిక. కొంత వంశంలోంచి, కొంత తల్లి ఆరోగ్యంలోంచి, చాలామందిలో ఇదీ అని ఒక్క కారణం చెప్పలేరు. "మీరు ఆగస్టు మొదట్లో పుట్టారు కాబట్టి నవంబరు మొదట్లో కడుపులో పడ్డారు. మీ పెదవి సంగతి డిసెంబరు ఆఖరుకే తేలిపోయింది. ఫిబ్రవరిలో మీ అమ్మగారు జామకాయ కోసినా, పనసకాయ కోసినా ఒకటే" అన్నారు. గ్రహణం లేని రాత్రయినా ఒకటేననుకోండి. కానీ మా అమ్మకి కావలసింది శాస్త్రం కాదు, తారీఖు!

ఆసుపత్రి మెట్ల మీదే నిలబడి ఫోన్ చేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"అయితే జామకాయ వల్ల కాదంటావా?"

"కాదమ్మా. అప్పటికే నా పెదవి అలా అయిపోయింది."

"డాక్టరమ్మే చెప్పిందా?"

"లెక్క గట్టి చెప్పింది."

మళ్ళీ కాసేపు ఏమీ లేదు. తర్వాత అంది, "మీ నాయనమ్మ ఉంటే బాగుండేది నాన్నా."

నేను ఆపరేషన్ చేయించుకున్నా లేకపోయినా ఆ ఒక్క ఫోన్ కాల్ కోసమైనా ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినందుకు సంతోషమే.

ఇక అసలు పని. మన ఒంట్లో కొవ్వునే తీసి మన పెదవిలో పెట్టడం. వినడానికి వింతగా ఉన్నా ఈ ఆలోచన పాతదే. 1893లోనే జర్మనీలో నాయిబర్ అనే డాక్టరు ఒక రోగి చేతిలోని కొవ్వు ముక్కలు తీసి మొహం మీద పల్లపు మచ్చ నింపాడు. 1970ల చివర పారిస్‌లో ఇల్లూజ్ అనే ఆయన మొద్దు గొట్టంతో కొవ్వుని లాగే పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. న్యూయార్క్‌లో సిడ్నీ కోల్‌మన్ దాన్ని ఎలా లాగాలి, ఎలా శుభ్రం చెయ్యాలి, ఎలా నాటాలి అన్నది 1990లలో ఒక వరసలో పెట్టాడు. అందాల తారలు పెదవులు నింపించుకుంటారని మీరు గుసగుసలాడుకుంటారే, వాళ్ళలో చాలామందికి ఎక్కించేది సీసాలో వచ్చే జెల్. కొన్ని నెలలకి కరిగిపోతుంది. నాది అలాంటిది కాదు. నా సరుకు నాదే, నా బొడ్డు కిందిదే. డాక్టరమ్మ నన్ను చూసి "నిల్వ ఫర్వాలేదు, చాలా ఉంది" అన్నారు. విలేకరుల పొట్ట కదా! ప్రెస్‌మీట్ బిర్యానీలు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చాయి.

2024 నవంబరులో ఒక ఉదయం. మత్తు సగమే. మాటలు వినబడుతున్నాయి. బొడ్డు పక్కన గింజంత గాటు పెట్టి, నొప్పి తెలియకుండా, రక్తం ఎక్కువ పోకుండా మందు కలిపిన సెలైన్ ఎక్కించారు. మొన మొద్దుగా ఉన్న సన్నని గొట్టంతో చేత్తోనే సిరంజి వెనక్కి లాగుతూ మెల్లగా తీశారు. యంత్రంతో గట్టిగా లాగితే కణాలు చితికిపోతాయట. ఆ సిరంజిల్ని గిరగిర తిప్పే యంత్రంలో పెట్టారు. నిమిషానికి 3000 చుట్లు, మూడు నిమిషాలు. మజ్జిగ చిలికితే వెన్న తేలదూ, అలాగ! బయటికి తీసి నాకు చూపించారు. పైన నూనె. అడుగున రక్తం, నీరు. మధ్యలో పేరుకున్న నెయ్యి రంగులో అసలు కొవ్వు. పైదీ కిందిదీ పారబోసి మధ్యది ఉంచుకున్నారు.

దాన్ని పెదవిలో ఒక్కచోట ముద్దలా పెట్టరు. ఇక్కడే ఉంది కిటుకంతా. కొవ్వుకి రక్తం అందకపోతే చచ్చిపోతుంది. మొదటి రోజుల్లో పక్క కండలోంచి ఊరే తేమతోనే బతకాలి. తర్వాత కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి. ముద్దగా పెడితే అంచులు బతుకుతాయి, మధ్యది కుళ్ళి గడ్డ కడుతుంది. అందుకని నోటి మూలన చిన్న రంధ్రం చేసి, లోపలికి గొట్టం పోనిచ్చి, వెనక్కి లాక్కుంటూ పల్చగా గీతలు గీతలుగా వదులుతారు. డెల్టాలో పుట్టినవాణ్ణి, నాకు ఇట్టే అర్థమైంది... నారు నాటడం! గుబురుగా నాటితే ఏ మొక్కకీ నీరందదు. ముందుగా మచ్చ కింద బిగుసుకుపోయిన పోగుల్ని సూదితో అక్కడక్కడా తెంపారు. అది దుక్కి దున్నడం అనుకోండి. నాకు మొత్తం ఎక్కించింది రెండు మిల్లీలీటర్లు. టీ చెంచాలో సగం కూడా కాదు. ముప్ఫయి నాలుగేళ్ళ బాధ అంతా కలిపి అర చెంచా!

ప్రమాదాలు లేవని నేననను. చీము పట్టొచ్చు, గడ్డలు కట్టొచ్చు, ఒక పక్క ఎక్కువవ్వొచ్చు. చాలా అరుదుగా కొవ్వు రక్తనాళంలోకి పోతే చూపే పోతుంది. మొద్దు మొన గొట్టం అందుకే. ఇవన్నీ సంతకానికి ముందే కూర్చోబెట్టి చెప్పారు. లావెక్కితే పెదవీ లావెక్కొచ్చనీ చెప్పారు. కొవ్వు ఎక్కడికి వెళ్ళినా పొట్ట బుద్ధి పోదట!

మర్నాడు అద్దంలో చూసుకుంటే పై పెదవి మినపగారెలా ఉంది. తెనాలి నుంచి రైల్లో వచ్చిన అమ్మ గుమ్మంలోనే కెవ్వుమంది. వారం రోజులు ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం ధైర్యం చెప్పుకున్నాం. గట్టిగా నవ్వకూడదు, పెదవి నొక్కకూడదు, మెత్తటి తిండి తినాలి. చైనా కుర్రాడి వంద రోజుల ముందు నా రెండు వారాలెంత అనుకున్నానా... సరిగ్గా పదో రోజున ఒక హాస్యనటుడి ఇంటర్వ్యూ తగిలింది! వదులుకుంటే డబ్బు పోతుంది. వెళ్ళాను. ఆయన ఒకదాని మీద ఒకటి జోకులు వేస్తున్నారు. నేను రాయిలా కూర్చుని రాసుకుంటున్నాను. ఆఖరికి ఆయన మొహం చిన్నబోయి, "ఏమండీ, నా టైమింగ్ పోయిందంటారా?" అని అడిగారు. పాపం, అప్పుడు నిజం చెప్పాల్సి వచ్చింది.

వాపు తగ్గింది. దానితో పాటు పెదవీ తగ్గడం మొదలుపెట్టింది. నాకు గుండె జారింది. రోజూ ఫొటో తీసి డాక్టరమ్మకి పంపేవాణ్ణి. "ఎక్కించినదాంట్లో సగం దాకా ఒళ్ళు లాగేసుకుంటుంది. పెదవి ఎప్పుడూ కదిలే చోటు, అందుకని ఇంకాస్త ఎక్కువే పోవచ్చు. మూడు నుంచి ఆరు నెలలు అద్దం చూడకండి" అన్నారు. చూడకుండా ఉండటం ఎవరి తరం?

ఐదో నెలకి నిలిచింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేను హీరోనైపోలేదు. మచ్చ ఉంది. ముక్కు ఎడం పక్క కొంచెం వాలే ఉంది. సందు మాత్రం పూడింది, పూర్తిగా కాదు, బియ్యపుగింజంత మిగిలింది. నాకు ఆశ్చర్యం వేసినది వేరే ఉంది. మచ్చ మెత్తబడింది! ఇదివరకు వేలితో తాకితే తాడులా తగిలేది. ఇప్పుడు పెదవిలాగే తగులుతుంది. కొవ్వులో మూలకణాల లాంటివి ఉంటాయని 2001లో అమెరికాలో పరిశోధకులు చూపించారు. వాటివల్లే మచ్చ మారుతుందని కొందరంటారు, కాదని కొందరు. డాక్టర్లు వాదించుకోనివ్వండి. 'ప... బ... మ...' అన్నప్పుడు లోపల బిగపట్టనక్కర్లేదు. నాకు అది చాలు.

అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, తీసి చూసి, "ఏం తేడా ఉందిరా? నువ్వెప్పుడూ ఇలాగే కదా ఉన్నావు" అంది! లక్షలు కాకపోయినా, వేలు బాగానే పోశాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేకప్‌మన్ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మళ్ళీ గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పారు. ఈసారి చాలాసేపు చూశారు. "నీడ జారిపోతోంది బాబూ. ఇదివరకు కూర్చునేది" అన్నారు. "మీసం తీసెయ్. ఇక దానితో నీకేం పని?" అని ఆయనే తన పెట్టెలోంచి రేజరు తీశారు.

ఆ ఛానెల్ వాళ్ళు అప్పటికే వేరే అబ్బాయిని పెట్టుకున్నారు. బాగా చేస్తున్నాడు కూడా. నేను ఇంకో చిన్న ఛానెల్‌కి రెండు ఇంటర్వ్యూలు చేశాను. మూడు కెమెరాలు లేవు, ఒకటే. మొదటిదాంట్లో నేను ఎడం పక్క చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. అలవాటు! ఎడిటింగ్ కుర్రాడు "సార్, మీ చెయ్యి" అని గుర్తు చెయ్యాల్సి వచ్చింది. పెదవిలోకి కొవ్వు ఎక్కించడానికి గంటన్నర పట్టింది, ఆ చెయ్యి దించడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో. ఇంకోసారి కొద్దిగా ఎక్కిస్తే ఆ బియ్యపుగింజ కూడా పూడుతుందని డాక్టరమ్మ అన్నారు. ఆలోచిస్తున్నాను.

మొన్నామధ్య ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక హాలుకి, పాసు మీద కాదు, టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. మొదటి రోజు, మొదటి ఆట. హీరోగారి కాలు కనబడింది... ఈలలు! చీకట్లో నేనూ పెదవులు సున్నా చుట్టి, ఊపిరంతా బిగించి ఊదాను.

'ఫూ...'

గాలి! ఒట్టి గాలి! సందులోంచి పోలేదు, మధ్యలోంచే పోయింది గానీ ఈల మాత్రం రాలేదు. పక్క సీటు కుర్రాడు, ఇంటర్ చదువుతున్నాడేమో, నన్ను ఎగాదిగా చూశాడు.

"అన్నా, అట్ల ఊదితే రాదే. నాలుక వెనక్కి మడిచి రెండు వేళ్ళు పెట్టాలి. జూడు" అని వేసి చూపించాడు. చెవి పోయింది.

విశ్రాంతి దాకా నాకు నేర్పిస్తూనే ఉన్నాడు. నాలుక మడిచాను, వేళ్ళు పెట్టాను, చొంగ కారింది. సినిమాలో కథేమిటో నాకు తెలీదు. ఆ వారం దానికి సమీక్ష కూడా రాయలేదు.